మూడొందల గజాల దగ్గర కార్బైన్: పోయిన నెల నేను తప్పు చెప్పానండీ

(ఈ నెల ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటలకు రాతరూపం. తడబాట్లు, పదేపదే వచ్చిన మాటలు తీసేశాం. మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

ఈసారి ముందుగా ఒక తప్పు ఒప్పుకుని మొదలుపెడతాను. పోయిన నెల పాత తుపాకుల గురించి మాట్లాడుతూ, ఎమ్1 కార్బైన్ చేతికిచ్చి అన్నాను గుర్తుందా, "ఇది మూడొందల గజాలు హాయిగా కొడుతుంది" అని. ఆ "హాయిగా" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మొన్న ఏప్రిల్‌లో డాలస్‌కి ఉత్తరాన ఒక పశువుల రాంచ్‌లో, తెలిసినవాళ్లు తెలిసినవాళ్లతో పెట్టుకున్న చిన్న పోటీకి వెళ్లాను. అక్కడ అదే కార్బైన్‌తో, అదే మూడొందల గజాల దగ్గర పది గుళ్లు కాల్చాను. ఎన్ని తగిలాయో చెబుతాను, కానీ ఎందుకు తగల్లేదో ముందు చెప్పాలి. ఇవాళ్టి ఎపిసోడ్ అంతా దాని గురించే.

మన దగ్గర "కార్బైన్" అనగానే ఎమ్మెల్యేగారి వెనకాల కారులోంచి దిగే గన్‌మేన్ భుజానికి వేలాడేది గుర్తొస్తుంది. చాలామంది దాన్నే స్టెన్‌గన్ అనేస్తారు కూడా. అది పిస్టల్‌లో వాడే 9 ఎమ్ఎమ్ తూటా పేల్చేది, దగ్గర దూరాలకి. నేను చెప్పేది అది కాదు. అసలు కార్బైన్ అంటే పొట్టి రైఫిల్. గుర్రం మీద కూర్చునేవాడికి పొడుగు తుపాకీ అడ్డమని పొట్టిగా చేశారు, ఆ పేరు అలా ఉండిపోయింది. గుర్రాలు పోయాక జీపులొచ్చాయి, అవసరం మాత్రం పోలేదు.

1940 ప్రాంతంలో అమెరికన్ సైన్యానికి ఒక చిక్కొచ్చింది. సైన్యంలో అందరూ ముందు వరసలో ఉండరు కదా. డ్రైవర్లున్నారు, రేడియో మోసేవాళ్లున్నారు, ఫిరంగి దగ్గర పనిచేసేవాళ్లున్నారు. వీళ్లకి పిస్టలిస్తే పాతిక గజాలు దాటి తగలదు. గారాండ్ రైఫిలిస్తే అది నాలుగు కిలోల పైన బరువు, చేతిలో పని చెయ్యనివ్వదు. ఆ రెండింటికీ మధ్యలో ఒకటి కావాలన్నారు. అలా 1941లో ఎంపికైందే ఎమ్1 కార్బైన్. ఖాళీగా బరువు సుమారు 2.4 కిలోలు. బారెల్ 18 అంగుళాలు. మేగజైన్‌లో 15 తూటాలు. యుద్ధం అయ్యేసరికి అరవై లక్షల పైచిలుకు చేశారు. చేసినవాళ్లు ఎవరనుకున్నారు? టైప్‌రైటర్లు చేసే అండర్‌వుడ్, జ్యూక్‌బాక్సులు చేసే రాకోలా, చివరికి ఐబీఎమ్ కూడా. మనలో సగం మందికి జీతాలిచ్చిన ఐబీఎమ్మే! అన్నిటికంటే ఎక్కువ చేసింది మాత్రం జనరల్ మోటార్స్‌వాళ్ల ఇన్‌లాండ్ విభాగం.

నేను కాల్చింది ఆ ఇన్‌లాండ్ కార్బైనే. నాది కాదు. మా వీధి చివర ఇంట్లో ఉండే ఒక పెద్దాయనది. ఆయన నాన్నగారు రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో లారీ నడిపారట. అప్పుడు పట్టుకుంది ఇలాంటిదే. ఇంటికి తెచ్చుకోవడానికి లేదు కాబట్టి అది అక్కడే వదిలేసి వచ్చారు. 1960లలో ప్రభుత్వం మిగులు కార్బైన్లని ఎన్ఆర్ఏ సభ్యులకి ఇరవై డాలర్లకి అమ్మినప్పుడు ఒకటి కొనుక్కున్నారు. ఆయన పోయాక కొడుకుకి వచ్చింది. ఆ కొడుక్కి ఇప్పుడు ఎనభై దగ్గర పడుతోంది, కుడికంటి మధ్యలో మచ్చలాగా కనిపిస్తుందిట. అంచులు కనబడతాయి, సరిగ్గా చూడాలనుకున్నదే కనబడదు. తుపాకీ గురి చూడ్డానికి అంతకంటే శాపం ఇంకోటి లేదు. అందుకని రెండేళ్లుగా ఆయన నాకిచ్చి కాల్పించి, తను పక్కన స్పాటింగ్ స్కోప్ పెట్టుకుని ఎడమ కంటితో చూస్తున్నారు.

మధ్యలో ఒక మాట, ముఖ్యంగా ఇక్కడికి కొత్తగా వచ్చిన పిల్లలకి. స్టూడెంట్ వీసా మీద, హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు తుపాకీ, తూటా దగ్గర పెట్టుకోవడాన్ని ఇక్కడి ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. "ఫ్రెండ్ రేంజ్‌కి తీసుకెళ్తానన్నాడు అంకుల్" అని వెళ్లి ఇరుక్కోకండి. ముందు మీ లాయర్ని అడగండి. నేను గ్రీన్ కార్డు వచ్చేదాకా ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. అంతకుముందు నేను పట్టుకున్నది మా కాలేజీ ఎన్‌సీసీలో పాయింట్ టూటూ రైఫిల్ ఒక్కటే, అదీ పాతిక గజాల దగ్గర.

సరే, పోటీ సంగతి. దీనికి పెద్ద పేరేమీ లేదు, మెడల్సూ లేవు. ఇరవై మందిలోపు వస్తారు, ఒక్కొక్కళ్లు పది డాలర్లేస్తారు, ఆ డబ్బుతో మధ్యాహ్నం అక్కడే బార్బెక్యూ. మూడు దూరాలు: వంద, రెండొందలు, మూడొందల గజాలు. గజమంటే కంగారు పడకండి, మన ప్లాట్లు కొలిచే గజమే, మూడడుగులు. మూడొందల గజాలంటే 900 అడుగులు, మీటర్లలో 274. వంద దగ్గర కాగితం. మూడొందల దగ్గర 18 అంగుళాల చదరపు ఇనుపరేకు, తెల్ల పెయింట్ వేసి, గొలుసులతో వేలాడదీస్తారు. వెనకాల ఇరవై అడుగుల మట్టికట్ట. ఆ కట్ట లేకపోతే నేను వెళ్లను. ఈ చిన్న తూటాయే మైలు దాటి పోగలదు, తగలకపోతే ఎక్కడ పడుతుందో మనకి తెలియాలి కదా.

ఆధునిక రైఫిళ్లకి ఒక వరస, పాత కార్బైన్లకి ఒక వరస. ఈసారి కార్బైన్ వరసలో నలుగురమే. ఇక్కడే పేచీ. పోటీ నడిపేవాళ్లలో ఇద్దరు ముగ్గురు, "ఈ పాత కార్బైన్లకి మూడొందలు దండగ, టైం వేస్టు, వచ్చే ఏడాది నుంచి రెండొందల దగ్గర ఆపేద్దాం" అన్నారు. వాళ్ల మాటలో తప్పు లేదు. ఇక్కడ సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రాం అని ఉంది, వాళ్లు అధికారికంగా పెట్టే ఎమ్1 కార్బైన్ పోటీయే వంద గజాల దగ్గర. కానీ మా పెద్దాయన ఒప్పుకోలేదు. "మా నాన్నకిచ్చినప్పుడు సైటు మీద మూడొందలని చెక్కి ఇచ్చారు. ఆ అంకె ఊరికే వెయ్యలేదు," అన్నారు. చివరికి రాజీ ఏమిటంటే, ఈసారి కార్బైన్ వాళ్లలో ఒక్కరైనా మూడొందల దగ్గర పదికి నాలుగు కొడితే ఆ దూరం ఉంటుంది, లేకపోతే ఎత్తేస్తారు. అదీ నా నెత్తిన పడింది. మిగతా ముగ్గురూ నాకంటే ముందు కాల్చేశారు. ఇద్దరికి ఒక్కోటి, ఒకాయనకి రెండు.

ఇప్పుడు అసలు కష్టం ఎక్కడుందో చూద్దాం. (చదివేవాళ్లకి: ఇక్కడ తెల్లబోర్డు మీద బొమ్మ గీశాను. బొమ్మ లేకపోయినా అర్థమవుతుంది.)

చిన్నప్పుడు ఉండేలుతో మామిడికాయ కొట్టారా? దగ్గరి కొమ్మ మీది కాయకి నేరుగా గురిపెడతాం. చిటారుకొమ్మ మీది కాయకి కాస్త పైకి పెడతాం. ఎవరూ చెప్పక్కర్లేదు, చెయ్యే నేర్చుకుంటుంది. తుపాకీ గుండుకీ అంతే. బారెల్ వదిలిన క్షణం నుంచే కిందికి పడడం మొదలవుతుంది. చాలామంది గుండు కొంతదూరం నేరుగా వెళ్లి తర్వాత వంగుతుందనుకుంటారు, అది కాదు. మొదట్లో వేగం ఎక్కువ కాబట్టి పడ్డానికి టైం దొరకదు, అంతే.

ఈ కార్బైన్ గుండు 110 గ్రెయిన్లు, అంటే 7.1 గ్రాములు. మన భాషలో ముప్పావు తులానికి కొంచెం తక్కువ. బారెల్ వదిలేటప్పుడు వేగం సెకనుకు 1,990 అడుగులు. బాగానే ఉంది కదా? ఇక్కడ దాని మొహం చూడాలి. ముందుభాగం గుండ్రంగా, మొద్దుగా ఉంటుంది. ఇప్పటి రైఫిల్ గుండ్లు సూదిమొనలా ఉంటాయి, గాలిని చీల్చుకుని పోతాయి. ఇది గాలిని తోసుకుంటూ పోతుంది. అందుకని వంద గజాలు దాటేసరికి 1,570కి దిగిపోతుంది. రెండొందలకి 1,240. మూడొందలకి 1,040. అంటే సగం వేగం దారిలోనే ఖర్చు.

ఇంకో సంగతి గమనించారా? గాల్లో శబ్దం వేగం సెకనుకు సుమారు 1,125 అడుగులు. అంటే ఈ గుండు శబ్దం కంటే వేగంగా బయల్దేరి, రెండున్నర వందల గజాల దగ్గరెక్కడో శబ్దం కంటే నెమ్మదైపోతుంది. ఆ దాటే చోట గుండు చుట్టూ గాలి ఒత్తిడి మారుతుంది, కొంచెం ఊగిసలాడే గుండ్లుంటాయి. రెండొందల దగ్గర చక్కగా గుంపుగా పడ్డవి మూడొందల దగ్గర చెదిరిపోవడానికి అదొక కారణం.

పతనం సంగతి. వంద గజాలకి సైటు సరిచేసి పెట్టుకున్నారనుకోండి. అదే గురితో రెండొందల దగ్గర కాలిస్తే గుండు సుమారు 13 అంగుళాలు కిందికి పడుతుంది. మూడొందల దగ్గర? నాలుగడుగులు! పోలికకి, ఇప్పటి ఏఆర్ రకం కార్బైన్ .223 తూటా ఇదే లెక్కన అడుగు పైచిలుకే పడుతుంది. ఇదేమో నాలుగడుగులు. రెండొందలకీ మూడొందలకీ మధ్య ఉన్న ఆ ఒక్క వంద గజాల్లోనే మూడడుగులు పోతోంది. పోయిన నెల నేను చూడనిది ఇదే. వంద నుంచి రెండొందలకి వచ్చినంత సులువుగా రెండొందల నుంచి మూడొందలకి వెళ్తామనుకున్నాను. దూరం మూడు రెట్లు అయితే కష్టం మూడు రెట్లు కాదండీ. దగ్గర దగ్గర పది రెట్లు అనిపించింది నాకు.

సైటు మీద వంద నుంచి మూడొందల వరకూ అంకెలుంటాయి, జరుపుకోవచ్చు. మరి అది జరిపితే సరిపోదా? సరిపోవాలి. కానీ ఆ గీతలు ఫ్యాక్టరీలో ఒక రకం తూటాకి, సగటు తుపాకీకి వేసినవి. ఎనభై ఏళ్ల తర్వాత వేరే కంపెనీ తూటాకి సరిగ్గా కుదరాలనేం లేదు. పెద్దాయన పొద్దున్నే చెప్పారు, "ఇది మూడొందల గీత మీద కొంచెం కిందికి కొడుతుంది" అని. నేను విన్నాను, తలూపాను, పట్టించుకోలేదు. మాకు ముందు రెండు గుళ్లు లెక్కలోకి రాకుండా కాల్చుకోనిస్తారు. మొదటిది రేకు ముందు నేలలోనే దుమ్ము లేపింది. పెద్దాయన ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ తిట్టినట్టు అనిపించింది.

ఇక చూపు సంగతి. కార్బైన్ ముందు సైటు ఒక చిన్న ఇనుపపలక. అది యాభై దాటిన నా కంటికి మసకగానే ఉంటుంది. మూడొందల గజాల దగ్గర 18 అంగుళాల రేకు ఆ పలక వెడల్పు కంటే చిన్నగానే కనిపిస్తుంది. దాని మీద పెడితే రేకు పూర్తిగా మాయం. అందుకని మామూలుగా దిష్టిబొమ్మ కర్ర మీద కుండ బోర్లించినట్టు, పలక నెత్తి మీద రేకు కూర్చున్నట్టు గురి చూస్తాం. కానీ నా గుండు కిందికి పడుతోంది కదా, అప్పుడు పలకని ఇంకా పైకెత్తాలి, ఎత్తితే రేకు కనబడదు. చివరికి రేకు వెనకున్న మట్టికట్ట మీద ఒక తెల్లటి రాయి చూసుకుని, దాని లెక్కన ఎత్తాను. రెండో గుండు కొంచెం కుడిగా పోయినా, ఎత్తు మాత్రం సరిగ్గా ఉందన్నారు.

కుడిగా ఎందుకు పోయింది? గాలి. నన్ను అడిగితే గాలే అసలు పరీక్ష, పతనం ఫరవాలేదు. దూరం తెలిస్తే పతనం మారదు, ఒకసారి లెక్క దొరికితే అదే లెక్క. గాలి అలా కాదు.

గాలి గుండుని ఎంత నెడుతుందో తెలుసుకోవడానికి ఒక చక్కటి లెక్కుంది, ఇంజనీరింగ్ పిల్లలకి బాగా నచ్చుతుంది. గాలే లేని చోట, శూన్యంలో, ఈ గుండు 900 అడుగులు పోడానికి ఎంతసేపు పడుతుంది? 900ని 1,990తో భాగిస్తే 0.45 సెకను. నిజంగా ఎంతసేపు పడుతోంది? దారిలో నెమ్మదవుతూ పోతుంది కాబట్టి సుమారు 0.65 సెకను. తేడా 0.2 సెకను. ఈ ఆలస్యాన్ని పక్కగాలి వేగంతో గుణిస్తే చాలు, పక్కకి ఎంత పోయిందో వచ్చేస్తుంది. గంటకు 10 మైళ్ల గాలి అంటే సెకనుకు దాదాపు 15 అడుగులు. 0.2 ఇంటూ 15, మూడడుగులు. తూటా కంపెనీల పట్టికలో 35 అంగుళాలుంటుంది. దగ్గరగానే వచ్చాం కదా? అదే .223 గుండు సూదిమొనది, దారిలో ఆలస్యం తక్కువ, కాబట్టి దానికి ఇందులో సగం కూడా ఉండదు. గుండు ఎంతసేపు గాల్లో ఉందన్నది కాదు, ఎంత ఆలస్యమైందన్నది లెక్క. ఇది తెలిసిన రోజున నేను రాత్రి పన్నెండింటిదాకా కాగితం మీద లెక్కలేస్తూ కూర్చున్నాను. మా ఆవిడ "ఇన్‌కమ్ ట్యాక్సా?" అనడిగింది.

ఇప్పుడు ఈ లెక్కని రేకు దగ్గరికి తెద్దాం. పది మైళ్లకి 35 అంగుళాలంటే ఒక్కో మైలుకి మూడున్నర అంగుళాలు. రేకు మధ్య నుంచి అంచు దాకా 9 అంగుళాలు. అంటే గాలి అంచనాలో రెండున్నర మైళ్ల తప్పు చేస్తే, మిగతాదంతా మీరు ద్రోణాచార్యుల శిష్యుడిలా చేసినా, గుండు బయటికే. రెండున్నర మైళ్ల గాలంటే బుగ్గకి తగిలిందో లేదో అన్నంత. పైగా తుపాకీ తన వంతు తప్పు తను చేస్తుంది. ఈ కార్బైన్ బాగా కాలిస్తే వంద గజాల దగ్గర మూడు నాలుగు అంగుళాల్లో గుంపుగా పడతాయి. అదే నిష్పత్తిలో మూడొందల దగ్గర తొమ్మిది నుంచి పన్నెండు అంగుళాలు. పద్దెనిమిదిలో పన్నెండు తుపాకీకే పోయింది, నాకు మిగిలింది ఆరు.

మరి గాలిని ఎలా చూడాలి? జెండా ఒకటి ఉంది, కానీ అది మా దగ్గరే ఉంది, దారిలో లేదు. గడ్డి ఊగేది చూడొచ్చు. వీటన్నిటికంటే మంచిది ఎండమావి. మనం ఎండాకాలం తారురోడ్డు మీద నీళ్లున్నట్టు చూసేదే. స్పాటింగ్ స్కోప్‌ని రేకు కంటే కొంచెం ముందుకి ఫోకస్ చేస్తే ఆ కదలిక కనిపిస్తుంది. నిట్టనిలువుగా మరుగుతున్న నీళ్ల ఆవిరిలా లేస్తోందంటే పక్కగాలి లేదు. ఏటవాలుగా పోతోందంటే కొద్దిపాటి గాలి. బల్లపరుపుగా, ఏరులా పారుతోందంటే గాలి బాగా ఉన్నట్టే. పెద్దాయన ఎడమ కన్ను ఈ పనికి మాత్రం నాది కంటే పదిరెట్లు నయం. మా రేంజ్ పడమటికి చూస్తుంది. దక్షిణపు గాలి ఎడమ నుంచి కుడికి. "అయిదు మైళ్లు. రేకంత వెడల్పు ఎడమకి పట్టు," అన్నారాయన. ఇంగ్లీషులో అన్నదే, తెలుగులో చెబుతున్నా.

పది గుళ్లు, అయిదు నిమిషాలు. మొదటిది కుడి అంచు పక్కనుంచి పోయింది, నేను ఆయన చెప్పినంత పట్టలేదు. ఎందుకో అంత దూరం, ఖాళీ చోటుకి గురిపెట్టడానికి మనసొప్పదు. చేయి దానంతటదే రేకు వైపు జరుగుతుంది. రెండోది నమ్మి పట్టాను. టంగ్! ఆ చప్పుడు ఎంత తీయగా ఉంటుందో చెప్పలేను. మూడోది కూడా టంగ్. నాలుగోది, అయిదోది ఎడమకి పోయాయి. గాలి ఆగిందని నాకు తెలీలేదు. ఆయన చెబుతూనే ఉన్నారు, నేను రెండు తగిలిన సంబరంలో గబగబా నొక్కేశాను. "ఆగు. ఆ అయిదు మైళ్ల గాలి మళ్లీ వస్తుంది. దాని కోసం కాచుకో. నీకు టైం ఉంది," అన్నారు. కాచుకున్నాను. నలభై సెకన్లు పట్టిందేమో. ఆరోది టంగ్. మూడయ్యాయి. ఏడోది పోయింది, అది గాలి కాదు, నా ట్రిగ్గరే, వేలితో లాక్కున్నాను.

ఎనిమిదోది. నొక్కాను. టంగ్ అని వినబడింది. స్కోర్ రాసే కుర్రాడు "హిట్!" అని టిక్కు పెట్టేశాడు. నాలుగు. వెనకాల ఎవరో చప్పట్లు కొట్టారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. నేను ఇందాక చెప్పిన లెక్క గుర్తుచేసుకోండి. గుండు రేకు దాకా పోడానికి 0.65 సెకను. రేకు మోగిన చప్పుడు నా చెవిదాకా 900 అడుగులు తిరిగి రావాలి, దానికి 0.8 సెకను. రెండూ కలిపితే దాదాపు సెకనున్నర. మొదటి మూడు తగిలినప్పుడు అలాగే వచ్చింది. "ఒకటీ, రె..." అనుకునేటంత సేపయ్యాక టంగ్. ఈ ఎనిమిదోది? నా తుపాకీ పేలిన అదురు భుజంలో ఉండగానే మోగింది. అర సెకను కూడా లేదు. శబ్దం ఒక్కటే రావడానికి 0.8 కావాలి. నా గుండు రేకు దగ్గర పుట్టినా అంత తొందరగా వినబడదు.

పక్క లేన్‌లో ఏఆర్ పట్టుకున్న ఆయన నాకంటే ముక్కాలు సెకను ముందు కాల్చాడు, పొరపాటున నా రేకు మీద. వరసగా ఒకేలాంటి తెల్లరేకులు, ఇది జరుగుతూనే ఉంటుంది. ఆయన స్కోరరు "మిస్" అన్నాడు, పాపం ఆయన తల గోక్కుంటున్నాడు. నా గుండు ఎక్కడ పడిందో నాకు కనబడలేదు. కానీ స్కోప్‌లో చూస్తున్న మనిషికి కనబడి ఉండాలి, మట్టికట్ట మీద దుమ్ము లేస్తుంది కదా.

పెద్దాయన వైపు చూశాను. స్కోప్ మీంచి తలెత్తి ఆయన కూడా నన్నే చూస్తున్నారు. ఆ నాలుగో టిక్కు కావలసింది ఆయనకి. ఆయన నాన్న తుపాకీ. ఆయన పెట్టుకున్న పేచీ. నాకు తెలుసు, ఆయన నోరు విప్పరు, నేను విప్పకపోతే. నిజం చెబుతున్నాను, నాకు ఒక ఆలోచన వచ్చింది: ఇంకా రెండు గుళ్లున్నాయి, వాటిలో ఒకటి తగిలితే ఎలాగూ నాలుగే కదా, అప్పుడు ఇది చెప్పినా చెప్పకపోయినా ఒకటే, ముందు కాల్చేద్దాం అని. ఇలాంటి తెలివితేటలు సరిగ్గా ఆ టైంకే వస్తాయి.

తుపాకీ కింద పెట్టి చెయ్యెత్తాను. "అది నాది కాదు, పక్కవాళ్లది," అన్నాను. కుర్రాడికి అర్థం కాలేదు. పెద్దాయన అప్పుడన్నారు, "అతని గుండు కుడివైపు, రేకుకి అడుగు దూరంలో పడింది. నేను చూశాను." కుర్రాడు టిక్కు కొట్టేసి సున్నా పెట్టాడు. ఈ గొడవలో గడియారం ఆపలేదు, నేనూ అడగలేదు. తొమ్మిదోది కాల్చేసరికి గాలి పెరిగింది, కుడికి పోయింది. పదోదానికి కాచుకోడానికి టైం లేదు. అది రేకు పైనుంచి పోయిందన్నారు. ఎంత పైనుంచి అంటే వేళ్లతో చూపించారు, నాలుగు వేళ్లు.

పదికి మూడు. అదీ నా "హాయిగా".

మరి సైటు మీద మూడొందలని ఎందుకు చెక్కారు, అది అబద్ధమా? కాదు. సైన్యానికి కావలసింది వేరు. నిలబడ్డ మనిషంత లక్ష్యం, దాంట్లో ఎక్కడో ఒకచోట తగిలితే చాలు, పిస్టల్‌తో అసలు చెయ్యలేని పని ఇది చెయ్యాలి. ఆ అవసరానికి మూడొందలు అన్నది దాని హద్దు. అక్కడి దాకా పనికొస్తుంది అని అర్థం, అక్కడ సులువు అని కాదు. నేను ఆ అంకెను చదివి, హద్దుని మామూలు అనుకున్నాను. తుపాకీల కేటలాగుల్లో, సైనిక పుస్తకాల్లో "ఎఫెక్టివ్ రేంజ్" అని కనబడిన చోటల్లా ఇది గుర్తుపెట్టుకోండి. గుండు అక్కడికి పోతుందా, అక్కడ దాని బలం చాలుతుందా, అక్కడ మీరు కొట్టగలరా, ఇవి మూడు వేర్వేరు ప్రశ్నలు.

ఎవరైనా పాత కార్బైన్‌తో ఇది ప్రయత్నించాలనుకుంటే నా మాట వినండి. ముందు ఒక రకం తూటా ఎంచుకుని దానితోనే ఉండండి, మార్చొద్దు. నేరుగా మూడొందలకి వెళ్లకండి. రెండొందలు, రెండున్నర వందలు, ఆ తర్వాత మూడొందలు. ప్రతి దూరంలో ఎక్కడ పడుతోందో చిన్న పుస్తకంలో రాసుకోండి. సైటు మీది అంకెను కాదు, మీ పుస్తకాన్నే నమ్మండి. పక్కన స్పాటర్ లేకుండా ఇంత దూరం కాల్చడం తూటాలు పారెయ్యడమే. ఇంకొకటి, చెవి మఫ్స్ ఎలక్ట్రానిక్ రకం కొనండి. పేలుడు ఆపి చిన్న చప్పుళ్లు వినిపిస్తాయి. అవి లేకపోతే ఆ ఎనిమిదో టంగ్ ఎప్పుడొచ్చిందో నాకు తెలిసేదే కాదు.

బార్బెక్యూ దగ్గర నిర్ణయం చెప్పేశారు. వచ్చే ఏప్రిల్ నుంచి పాత కార్బైన్లకి వందా, రెండొందలే. పెద్దాయన వాదించలేదు. ఏఆర్ ఆయన వచ్చి సారీ చెప్పి, నాకొక కోక్ తెచ్చిచ్చాడు. తిరిగొచ్చేటప్పుడు కారులో గంటన్నర దారి, సగం దూరం ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. డెంటన్ దాటాక అన్నారు, "రెండొందల దగ్గర పదమూడు అంగుళాలు కదా నీ లెక్క?" అవునన్నాను. "ఈ తూటాకి పదిహేను. ఆదివారం వచ్చి చూసుకో," అన్నారు.

ఆదివారం వెళ్లానండి. పద్నాలుగున్నర. ఆ కాగితం ఇదిగో. (చదివేవాళ్లకి: కెమెరాకి చూపించాను, కింది గుంపు పక్కన ఆయన పెన్సిల్‌తో వేసిన గీతుంది.) వచ్చే నెల సైటు శుభ్రం చెయ్యడం, పాత చెక్కకి నూనె పట్టించడం గురించి మాట్లాడదాం. ఉంటానండీ.